నాలుగు వేషాల డ్రూయిడ్‌ను పార్టీలోకి ఎవరూ పిలుస్తలేరెందుకు?

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండల డిగ్రీ సెకండియర్. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటల టారెన్ (ఎద్దు జాతి) డ్రూయిడ్ ఆడుతున్న, అంటే జంతువుల వేషాలు మార్చే మంత్రగాడు. 38వ లెవెల్, చివరిది 60. అన్ని పనులు ఒక్కడే చేస్తడని ఈ క్లాస్ తీసుకున్న. టాలెంట్ పాయింట్లు (లెవెల్ ఎక్కినకొద్దీ నైపుణ్యాల మీద పెట్టేవి) కూడా మూడు దిక్కుల సమానంగా పెట్టిన, 10-10-9. ఇప్పుడేమో డంజన్‌ల (ఐదుగురు కలిసి పోయే శత్రువుల గుహ) ట్యాంక్ చేస్త, అంటే ముందట నిలబడి దెబ్బలు కాసుకుంట అంటే "ఆగు, వారియర్ వస్తున్నడు" అంటున్నరు. డ్యామేజ్ చేస్త అంటే నవ్వుతున్నరు. హీల్ చేస్తే మధ్యలనే మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అయిపోతున్నది. 60కి వచ్చినంక హీలర్‌గ వస్తేనే రైడ్‌కు (40 మంది కలిసి చేసే పెద్ద యుద్ధం) తీసుకుంట అని మా గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) లీడర్ ముందే చెప్పిండు. నాకేమో మూన్‌కిన్ (మంత్రాలతో కొట్టే గుడ్లగూబ వేషం) కావాలని ఉన్నది, మా చెల్లెకు ఆ గుడ్లగూబ మస్తు నచ్చింది. క్లాస్ మార్చి మళ్ల మొదటిసంది ఆడాల్నా?

జవాబు: తమ్ముడూ, క్లాస్ మార్చకు. 38 లెవెళ్లు ఎక్కినవ్, ఇంకో 22 ఎక్కితే గట్టున పడ్తవు. మార్చాల్సింది ఆ 10-10-9 ఒక్కటే. ఒక్క బిందె నీళ్లు మూడు మడులకు పంచితే ఏ మడీ తడవదు.

అయితే నిన్ను చూసి నవ్వేవాళ్ల మాటలో నిజం ఎంతుందో ముందు చూద్దాం. చానానే ఉంది.

డ్రూయిడ్ కథ మన పగటివేషగాళ్ల కథ లాంటిది. అయ్యగారి వేషం ఎంత బాగా కుదిరినా, ఇంట్లో లగ్గం చెయ్యాలంటే అసలు అయ్యగారినే పిలుస్తరు. 2004లో ఈ ఆట వచ్చినప్పటి లెక్క కూడా అదే: నాలుగు పనులు చేయగలిగినోడు ఏ ఒక్క పనిలోనూ ఆ పని ఒక్కటే చేసేవాడిని మించకూడదు. మాట న్యాయంగానే ఉంది. కానీ ఆ "మించకూడదు" అనేదాన్ని క్లాసిక్‌లో ఎంత దూరం లాగిన్రంటే, ప్రకృతికి ప్రతినిధి అని పేరు పెట్టి ఆ ప్రకృతినే చేతికి అందకుండా చేసిన్రు.

ఎంటాంగ్లింగ్ రూట్స్ సంగతే చూడు. శత్రువు కాళ్లకు వేర్లు చుట్టి కదలకుండా కట్టేసే మంత్రం, వినడానికి బ్రహ్మాండం. పైన కప్పు ఉంటే మాత్రం పనిచెయ్యదు, ఆరుబయటనే. యుల్డమన్ గుహలకు పోతే పక్కన మేజ్ (మంత్రగాడు) ఒకడిని గొర్రెను చేసి పక్కకు పెడతడు, రోగ్ (దొంగ) వెనుక నుంచి పోయి ఇంకొకడిని మత్తులో పడేస్తడు. నువ్వేమో చేతులు కట్టుకొని నిలబడాలె. ఓరుగల్లు కోట రాళ్ల సందున రావి మొక్క ఎవరూ నీళ్లు పొయ్యకుండానే మొలుస్తది. వేల ఏండ్ల ప్రకృతి విద్య చదివినవాడికి గుహలో ఒక్క వేరు మొలవదు. జుల్‌ఫర్రక్ లాంటి ఆరుబయలు డంజన్‌లో మాత్రం రూట్స్ బరాబర్ పడతయి, అక్కడ అడగకముందే "ఒకడిని నేను కట్టేస్త" అని చెప్పు. హైబర్నేట్ అని నిద్రపుచ్చే మంత్రం ఇంకొకటి ఉంది. అది జంతువుల మీద, డ్రాగన్ జాతి మీద మాత్రమే. సన్‌కెన్ టెంపుల్‌లో ఆకుపచ్చ డ్రాగన్లు వచ్చేదాక దాన్ని బటన్ల మీద పెట్టినా పెద్దగా లాభం లేదు.

ఇక వేషంలో ఉన్నప్పటి తిప్పలు. ఎలుగు రూపంలో ఉంటే పోషన్ తాగలేవు. మన ఏటూరునాగారం అడవిలో ఎలుగు ఇప్పపువ్వు ఏరుకొని తింటది, ఈ ఎలుగు సంచిలో మందు పెట్టుకొని దాహంతో చస్తది. తాగాలంటే మనిషి రూపానికి రావాలె, వచ్చిన ఆ ఒక్క క్షణంలో నీ మీద ఉన్న తోలు కవచం పలచబడి దెబ్బ నేరుగా తగుల్తది. మూలిక కోయాలన్నా, దుకాణంలో మాట్లాడాలన్నా అంతే, వేషం తీసెయ్యాలె. టారెన్‌వు కాబట్టి నీకు హెర్బలిజంలో పుట్టుకతో 15 పాయింట్లు ఎక్కువ. ఆ 15తో గునుగు పువ్వు కనబడితే జింకలా ఉరికిపోయి, పువ్వు ముందట ఆగి, మనిషివై వంగి కొయ్యాలె.

రీబర్త్ అయితే మరీ విచిత్రం. యుద్ధం నడుస్తుండగా పడిపోయినోణ్ని లేపే మంత్రం డ్రూయిడ్ దగ్గరనే ఉంది. వార్లాక్ (క్షుద్ర మంత్రగాడు) ఇచ్చే సోల్‌స్టోన్, అంటే చచ్చినంక లేపే రాయి అయినా ముందే పెట్టి ఉంచాలె, పడినంక పనికిరాదు. అంత గొప్ప వరం ఇచ్చి, యుద్ధం అయిపోయినంక మామూలుగా లేపే మంత్రం మాత్రం ఇయ్యలేదు. ఉన్న రీబర్త్‌కు 30 నిమిషాల గడువు. అది ఒకడిని లేపడానికి, మిగతావాళ్లు వేరే హీలర్లయిన ప్రీస్ట్ కోసమో షామన్ కోసమో ఎదురుచూడాలె. ఆ లోటు తీరింది 2008లో వచ్చిన లిచ్ కింగ్ భాగంలో. పైగా ప్రతిసారి ఒక విత్తనం ఖర్చు. 20వ లెవెల్‌కు మేపుల్ విత్తనం, 30కి స్ట్రాంగిల్‌థార్న్, 40కి యాష్‌వుడ్, 50కి హార్న్‌బీమ్, 60కి ఐరన్‌వుడ్. మంత్రం కొత్త ర్యాంక్ నేర్చుకుంటే దానికి కొత్త గింజే కావాలె, సంచిలో ఉన్న పాత గింజలకు కొత్త ర్యాంక్ లొంగదు. మృగశిర కార్తె ముందర విత్తనాల దుకాణం కాడ రైతు పడే తిప్పలు ఈ ఆటలోనూ తప్పలేదు. నీ సంచి ఇప్పుడే తెరిచి చూడు: 38లో స్ట్రాంగిల్‌థార్న్ గింజలు ఐదన్నా ఉండాలె. 40 కాగానే యాష్‌వుడ్ కొనుక్కో. ట్యాంక్ పడిపోయినప్పుడు "గింజ లేదు" అని చాట్‌లో రాసే డ్రూయిడ్‌ను ఇంకోసారి ఎవరూ పిలువరు.

ఇప్పుడు నీ టాలెంట్లు. డ్రూయిడ్ ట్రైనర్ దగ్గర మొదటిసారి పాయింట్లు తిరిగి తీసుకోవడానికి 1 గోల్డే. రెండోసారి 5, తర్వాత ఐదేసి పెరుగుకుంటూ 50 దాక పోతది, అందుకే మొదటిసారే సరిగ్గా పెట్టు. 38లో నీకు 29 పాయింట్లు. మూడు చెట్లున్నయి: బ్యాలెన్స్ (మంత్రాల దెబ్బ), ఫెరల్ (పిల్లి, ఎలుగు వేషాలు), రెస్టొరేషన్ (హీలింగ్). మొత్తం ఫెరల్‌లోనే పెట్టు: ఫెరాసిటీ 5, ఫెరల్ ఇన్‌స్టింక్ట్ 5, ఫెలైన్ స్విఫ్ట్‌నెస్ 2, ఫెరల్ చార్జ్ 1, షార్పెండ్ క్లాస్ 3, ఇంప్రూవ్డ్ ష్రెడ్ 2, ప్రెడేటరీ స్ట్రైక్స్ 3, బ్లడ్ ఫ్రెంజీ 2, ప్రైమల్ ఫ్యూరీ 2, శావేజ్ ఫ్యూరీ 2, ఫేరీ ఫైర్ 1. అవి 28. మిగిలిన ఒక్కటీ హార్ట్ ఆఫ్ ద వైల్డ్‌లో, ఆ తర్వాత వచ్చే నాలుగు కూడా అక్కడికే. 42కు అది నిండుతది. 43లో లీడర్ ఆఫ్ ద ప్యాక్ ఒక్క పాయింట్, 44 నుంచి రెస్టొరేషన్ చెట్టులో ఫ్యూరర్ ఐదు.

ఫ్యూరర్ ఎందుకంటే, అది నిండితే పిల్లి రూపంలోకి వచ్చిన ప్రతిసారి 40 ఎనర్జీ (పిల్లి దెబ్బలకు ఖర్చయ్యే శక్తి) చేతిలో ఉంటది. లెదర్‌వర్కింగ్ చేసేవాళ్లు కుట్టే వుల్ఫ్‌స్‌హెడ్ హెల్మ్ అని ఒక టోపీ ఉంది, 40వ లెవెల్‌కు పెట్టుకోవచ్చు. అది ఇంకో 20 ఇస్తది. ఎనర్జీ మామూలుగా రెండు సెకండ్లకు 20 చొప్పున నిండుతది. ఇంప్రూవ్డ్ ష్రెడ్‌తో ష్రెడ్ (పిల్లి కొట్టే పెద్ద దెబ్బ) ఖర్చు 60 నుంచి 48కి దిగుతది. అంటే ఎనర్జీ అడుగంటగానే వేషం తీసి మళ్లా వేస్తే 60 దొరికింది, వెంటనే ఒక ష్రెడ్ కొట్టొచ్చు. దీన్నే పవర్‌షిఫ్టింగ్ అంటరు. మ్యాక్రోలో (ఒక్క బటన్‌తో చాలా పనులు చేయించే ఆజ్ఞల చీటీ) క్యాన్సిల్‌ఫామ్ పంక్తి పైన, క్యాట్ ఫామ్ పంక్తి కింద. ఇక్కడ అందరూ చేసే తప్పు: ఎనర్జీ 30, 40 మిగిలి ఉండగానే షిఫ్ట్ చేస్తరు. వేషం తీయగానే ఉన్నది సున్నా అయితది, దాని మీద మానా కూడా పాయె. పదిలోపు దిగినంకనే నొక్కు. ష్రెడ్ వెనుక నుంచే తగుల్తది కాబట్టి ఒంటరిగా తిరిగేటప్పుడు పనికిరాదు, అక్కడ ఫెరాసిటీతో 40కి దిగిన క్లా (పంజా దెబ్బ) కొట్టుకుంటూ పో.

ఆయుధం గురించి ఒక మాట. పిల్లికీ ఎలుగుకూ ఆయుధం మీద రాసి ఉన్న డ్యామేజ్ అంకెలు అసలే లెక్కకు రావు. పిల్లి పంజా సెకండుకు ఒక్క దెబ్బ, ఎలుగు రెండున్నర సెకండ్లకు ఒక్క దెబ్బ, నీ చేతిలో ఏమున్నా సరే. కాబట్టి ఆక్షన్ హౌస్‌లో (ఆటలోని వేలం దుకాణం) పెద్ద డీపీఎస్ (సెకండుకు డ్యామేజ్) కర్ర చూసి పైసలు తగలెయ్యకు. పిల్లికి స్ట్రెంగ్త్, అజిలిటీ, ఎలుగుకు స్టామినా, ఆర్మర్ చూసి కొను.

ట్యాంకింగ్. 60లోపు డంజన్లలో ఎలుగు వారియర్ కంటే తక్కువేం కాదు. నిన్ను ఆపుతున్నరంటే కారణం రూపం కాదు, ఫెరల్‌లో సగం కూడా లేని నీ పాయింట్లు. ఫెరల్ ఇన్‌స్టింక్ట్ ఐదూ నిండితే ఎలుగు రూపంలో థ్రెట్ (శత్రువును నీ మీదికే తిప్పుకునే బలం) 15 శాతం పెరుగుతది. అది లేక శత్రువులు నిన్ను విడిచి మేజ్ మీదికి పోతున్నరు, అందరూ నిన్ను తిడుతున్నరు. ఆర్మర్ కూడా చూడు. మామూలు ఎలుగు రూపం నీ తోలు బట్టల ఆర్మర్‌కు 180 శాతం కలుపుతది, 40లో వచ్చే డైర్ బేర్ 360 శాతం. బట్టల ఆర్మర్ 1500 అనుకుంటే ఇప్పుడు 4200, రెండు లెవెళ్లు దాటితే 6900. అందుకే 38, 39లో ట్యాంక్ చేసి దెబ్బలు తిని నిరాశపడకు, 40 దాటినంక అడుగు.

పుల్ (శత్రువులను నీ దగ్గరికి లాగడం) ఎట్ల చేయాలంటే: మనిషి రూపంలో అందరికీ బలం పెంచే మార్క్ ఆఫ్ ద వైల్డ్, నీ మీద కొట్టేవాణ్ని గుచ్చే థార్న్స్. తర్వాత ఎలుగు. ఎన్‌రేజ్ నొక్కు, పది సెకండ్లలో 20 రేజ్ (ఎలుగు దెబ్బలకు ఖర్చయ్యే శక్తి) వస్తది. అది నడుస్తున్నంతసేపు నీ ఆర్మర్ తగ్గుతది, కాబట్టి శత్రువులు మీద పడకముందే నొక్కాలె, పడ్డంక కాదు. ఫేరీ ఫైర్‌తో దూరం నుంచి ఒకడిని లాగి, నలుగురూ మూల తిరిగి నీ దగ్గరికి వచ్చేదాక వెనక్కి నడువు. రాగానే వాళ్ల బలం తగ్గించే డిమోరలైజింగ్ రోర్, పుర్రె గుర్తు (ముందు చంపాల్సినోడి మీద పెట్టేది) ఉన్నవాడి మీద మాల్ దెబ్బ, రేజ్ మిగిలితే చుట్టూ కొట్టే స్వైప్. స్వైప్ ముగ్గురికే తగుల్తది, నాలుగోవాడు హీలర్ మీదికి పోతడు. శత్రువును నీ మీదికి తిప్పే గ్రౌల్‌ను వాడి కోసమే దాచుకో. పది సెకండ్ల గడువున్న ఆ ఒక్క బటన్‌ను ఇప్పటికే నిన్ను కొడుతున్నవాడి మీద నొక్కి, హీలర్ చచ్చినంక "గ్రౌల్ కూల్‌డౌన్‌లో ఉండె" అనేవాళ్లే ఎక్కువ.

60 దాటి రైడ్ బాసుల ముందట మాత్రం ఎలుగు నిజంగనే వెనకబడతది. వారియర్ డాలుతో అడ్డుకుంటడు, కత్తితో తప్పిస్తడు. ఎలుగుకు డాలూ లేదు, కత్తీ లేదు. డాలు అడ్డం పెట్టి వారియర్ ఆపేసుకునే ఒకటిన్నర రెట్ల నలిపే దెబ్బలను నువ్వు ఒంటి మీదనే తీసుకోవాలె. మీ లీడర్ అక్కడ తప్పు చెప్పలేదు.

హీలింగ్‌లో నీ మానా ఎందుకు అయిపోతున్నదో చూడకుండానే చెప్పొచ్చు: ప్రతిసారి పెద్ద ర్యాంక్ కొడుతున్నవు. క్లాసిక్‌లో హీలింగ్ టచ్ నాలుగో ర్యాంక్ బంగారం. 185 మానా, మూడు సెకండ్లు, టాలెంట్ ఉంటే రెండున్నర. 20వ లెవెల్ కంటే ముందు నేర్చుకున్న ర్యాంకులకు బట్టల మీది హీలింగ్ బోనస్‌లో కోత పడుతది. నాలుగో ర్యాంక్ సరిగ్గా 20లో వస్తది, కాబట్టి కోత తప్పించుకున్న వాటిలో అదే అన్నిటికంటే చిన్నది. 60లో బట్టల మీద 500 హీలింగ్ ఉందనుకో, నాలుగో ర్యాంక్‌కు దాంట్లో సుమారు 430 కలుస్తది. 800 మానా తాగే పదకొండో ర్యాంక్‌కు కలిసేది 500. బటన్ల మీద రెండూ పెట్టుకో. పెద్దది నేచర్స్ స్విఫ్ట్‌నెస్‌తో (తర్వాతి మంత్రం వెంటనే పడేట్టు చేసేది) ఆపదలో కొట్టడానికే. ఇంకొకటి, మానా ఖర్చయ్యే మంత్రం వేసినంక ఐదు సెకండ్లు ఆగితేనే స్పిరిట్ మానా నింపడం మొదలుపెడతది. ట్యాంక్ ప్రాణం నిండుగా ఉంటే ఇంకో మంత్రం వెయ్యకుండా ఆ ఐదు సెకండ్లు ఊరికే నిలబడు.

రైడ్‌లో ఇంకో కిరికిరి ఉంది. రెజువినేషన్ (కొద్దికొద్దిగా ప్రాణం నింపే మంత్రం) ఒక మనిషి మీద ఒక్కటే నిలుస్తది, ఇద్దరు డ్రూయిడ్లు ఒకే ట్యాంక్ మీద వేస్తే చిన్నది పడదు. ఎవరి ట్యాంక్ ఎవరిదో ముందే పంచుకోండి.

అయినా లీడర్ నిన్ను రమ్మంటున్నది హీలింగ్ టచ్ కోసమే కాదు. మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో లూసిఫ్రాన్, గెహెన్నాస్, షాజ్రా అని బాసులుంటరు. లూసిఫ్రాన్ శాపం తగిలితే అందరి మంత్రాల ఖర్చు రెట్టింపు అయితది. గెహెన్నాస్ శాపంతో హీలింగ్ 75 శాతం పడిపోతది. షాజ్రా శాపంతో మ్యాజిక్ దెబ్బ రెండింతలు. శాపాలు తీసేది మేజ్, డ్రూయిడ్ ఇద్దరే. దాని మీద 40 మందికి మార్క్, ఆరు నిమిషాలకొకసారి ఇన్నర్వేట్ (మానా నింపే మంత్రం), గింజ ఉంటే రీబర్త్, బాస్ ఆర్మర్ 505 తగ్గించే ఫేరీ ఫైర్. ఇన్నర్వేట్ నీ మీద నువ్వు వేసుకోకు. అది స్పిరిట్ నుంచి వచ్చే మానాను 20 సెకండ్లు పెంచుతది, కాబట్టి స్పిరిట్ ఎక్కువున్న ప్రీస్ట్‌కు వెయ్యాలె. ప్రీస్ట్ మానా సగానికి దిగినప్పుడే వెయ్యి, సున్నాకు వచ్చినంక కాదు.

నీలాంటోడికి 60లో సరిపోయే లెక్క 0/30/21. ఫెరల్‌లో హార్ట్ ఆఫ్ ద వైల్డ్ దాక, అటు రెస్టొరేషన్‌లో నేచర్స్ స్విఫ్ట్‌నెస్ దాక. హార్ట్ ఆఫ్ ద వైల్డ్ ఇంటెలెక్ట్‌ను 20 శాతం పెంచుతది, అదే ఎలుగు రూపంలో స్టామినాను, పిల్లి రూపంలో స్ట్రెంగ్త్‌ను 20 శాతం. దాంతో రైడ్‌లో హీలర్‌వు, డంజన్‌లో ట్యాంక్‌వు. నువ్వు అడిగిన "అన్నీ" ఇదే. కానీ పాయింట్లు ఒక్కటైనా బట్టలు రెండు జతలు కావాలె, సంచిలో పది పన్నెండు గడులు దానికే పోతయి. హీలింగ్ బట్టలేసుకొని ఎలుగై ముందటికి ఉరికేవాడే అసలు రెంటికి చెడ్డ రేవడి.

రైడ్ వేళలు కూడా ఇప్పుడే చూసుకో. యూరప్ సర్వర్‌లో రాత్రి 8 గంటల రైడ్ అంటే మనకు చలికాలం 12:30, ఎండాకాలం 11:30. ఓషియానిక్ సర్వర్‌లో సిడ్నీ టైం రాత్రి 8 అంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, అక్కడ ఎండాకాలమైతే రెండున్నర. నీ క్లాసులు ఏ పూటనో నీకే తెలుసు. వానాకాలం కరెంటు పోతే మోడెమ్‌కు కూడా యూపీఎస్ ఉండాలె. డ్యామేజ్ కొట్టేవాడు పోతే 39 మంది సర్దుకుంటరు, హీలర్ పోతే ట్యాంక్ పోతడు.

ఇగ మూన్‌కిన్. లెక్క వేద్దాం. 60లో స్టార్‌ఫైర్ (మూన్‌కిన్ కొట్టే పెద్ద మంత్రం) పెద్ద ర్యాంక్‌కు 340 మానా. మూన్‌గ్లో టాలెంట్‌తో 9 శాతం తగ్గితే సుమారు 309. మూడు సెకండ్లకొకటి పడుతది. నీ దగ్గర 5000 మానా ఉందనుకుంటే 16 సార్లు, అంటే 48 సెకండ్లు. పెద్ద మానా పోషన్ 1350 నుంచి 2250 దాక ఇస్తది, రెండు నిమిషాలకు ఒక్కటే తాగాలె. అంటే ఇంకో నాలుగైదు స్టార్‌ఫైర్లు, లేదంటే ఏడు. వార్లాక్ రక్తం పోసి మానా తెచ్చుకుంటడు, మేజ్‌కు మానా నింపుకునే ఎవొకేషన్ ఉంది. గుడ్లగూబకు ఉన్నది ఒక్క ఇన్నర్వేట్, దాని మీద ప్రీస్టు కన్నేసి ఉంటడు. మానా అడుగంటి నిలబడే ఈ పక్షికి ప్రపంచమంతా ఊమ్‌కిన్ (ఊమ్ అంటే "అవుట్ ఆఫ్ మానా") అని పేరు పెట్టుకున్నది. పార్టీలో ఐదుగురికి మంత్రాల క్రిట్ (మామూలు కంటే పెద్ద దెబ్బ పడే అవకాశం) 3 శాతం పెంచుతది, అది నిజమే. కానీ ఆ 3 శాతం కోసం లీడర్ ఇంకో మేజ్‌ను వదులుకోడు. 2019లో వచ్చిన క్లాసిక్‌లో బాస్ మీద 16 డిబఫ్‌లకే (శత్రువు మీద నిలిచే చెడు మంత్రాలు) జాగా ఉండె, నీ మంత్రాలు మూన్‌ఫైర్, ఇన్‌సెక్ట్ స్వార్మ్ వేస్తే ఎవరిదో పనికొచ్చేది ఊడిపోతుండె. 2021లో సీజన్ ఆఫ్ మాస్టరీ అనే కొత్త సర్వర్లలో ఆ హద్దు తీసేసిన్రు. మీ సర్వర్‌లో ఉందో లేదో లీడర్‌ను అడిగి తెలుసుకో.

చెల్లె కోసమైతే మాత్రం ఆశ వదులుకోకు. బ్యాలెన్స్‌లో 31 పాయింట్లు పెడితే 40లోనే మూన్‌కిన్ వస్తది. ఒక ఆదివారం మార్చి చూపించు, ఆ గుడ్లగూబ డ్యాన్స్ కూడా చేస్తది. కానీ పైన చెప్పినట్టు ఇప్పుడే ఫెరల్‌కు మారినవనుకో, ఆ డ్యాన్స్‌కు 5 గోల్డ్, మళ్లా వెనక్కి రావడానికి 10. ఆ 15 గోల్డ్ చెల్లె దగ్గరనే వసూలు చెయ్యి.